కిరాయి ఇల్లు చూసే మేనేజర్‌ను మాన్పించడం: వరంగల్ ఓనర్లకు సమగ్ర మార్గదర్శి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల్లో ఓనర్ ఊళ్లో లేని ఇళ్లు చాలా ఉన్నాయి. ఓనర్ హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. నయీంనగర్, గోపాల్‌పూర్ వైపు యూనివర్సిటీ పిల్లలకు, కాజీపేట దారిలో నిట్ వాళ్లకు, ఎంజీఎం చుట్టుపక్కల ఆస్పత్రి ఉద్యోగులకు పోర్షన్లు కిరాయికి ఇస్తారు. కిరాయి వసూలు చేయడానికి, మోటార్ చెడిపోతే మెకానిక్‌ను పిలవడానికి, టు-లెట్ బోర్డు కట్టడానికి ఒక మనిషిని పెడతారు. ఆ మనిషి ఏజెన్సీ కావచ్చు, గల్లీలోని బ్రోకర్ కావచ్చు, రిటైరైన గుమాస్తా కావచ్చు, చాలాసార్లు దూరపు చుట్టమే కావచ్చు.

పని నచ్చకపోతే ఎక్కువమంది చేసేది ఒక్కటే. ఫోన్‌లో గట్టిగా అరిచి "రేపటి నుంచి నువ్వు రావద్దు" అంటారు. ఆ మాటతో ఏదీ ఆగదు. ఒకటో తారీఖు రాగానే కిరాయిదారులు ఎప్పటిలాగే అతనికే డబ్బిస్తారు. తాళంచెవులు, అగ్రిమెంట్లు, అడ్వాన్సులు అన్నీ అతని దగ్గరే ఉంటాయి. మేనేజర్‌ను మాన్పించడమంటే డబ్బు వెళ్లే దారి మార్చడం, ఆ మార్పును సంబంధించిన ప్రతి ఒక్కరికీ తెలియజేయడం. మాట తెంచుకోవడం అందులో చివరి పని.

ముందు నిజం తేల్చుకోండి

బద్ధకం వేరు, మోసం వేరు. ఫోన్ ఎత్తడు, ప్లంబర్‌ను రెండు రోజులు ఆలస్యంగా పంపిస్తాడు, లెక్క నెలకు బదులు మూడు నెలలకోసారి చెప్తాడు: ఇవి బద్ధకం కిందికి వస్తాయి. ఒకసారి రాతపూర్వకంగా చెప్పి గడువిచ్చి చూడొచ్చు. పోర్షన్ ఖాళీగా ఉందని చెప్పి అందులో మనుషులను పెట్టడం, చేయని రిపేరుకు బిల్లు వేయడం, అడ్వాన్స్ సంగతి దాచడం మోసం. ఇక్కడ ఇంకో అవకాశం ఇవ్వడం నా దృష్టిలో అనవసరం.

పోర్షన్ నిజంగా ఖాళీయేనా అని ఊరికి రాకుండానే తెలుసుకోవచ్చు. పోర్షన్‌కు వేరే మీటర్ ఉంటే కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ బిల్లును సర్వీస్ నంబర్‌తో ఆన్‌లైన్‌లో చూడండి. ఖాళీ ఇంట్లో యూనిట్లు దాదాపు కదలవు. ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తుంటే నెలకు అరవయ్యో వందో తిరుగుతాయి. అయితే బిల్లు మొత్తాన్ని చూసి మోసపోవద్దు. గృహజ్యోతి పథకం వల్ల 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లు సున్నాగా వస్తోంది, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా. సున్నా బిల్లును ఖాళీ ఇంటికి సాక్ష్యంగా చూపించే మేనేజర్లు ఉండొచ్చు. చూడాల్సింది యూనిట్ల గడి.

రిపేర్ల విషయంలో ఫొటో, బిల్లు రెండూ అడగండి. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల కింది పోర్షన్లు మునిగాయి. అలాంటి సమయంలో గోడలు, మోటార్, వైరింగ్ అన్నీ కలిపి ఒకే మొత్తంగా రాసిన ఖర్చుల్లో ఎంత నిజమో తర్వాత తేల్చడం కష్టం. పాత ఖర్చుల్లో మేస్త్రీ నంబర్ దొరికితే అతనికే ఫోన్ చేసి అడగడం అన్నిటికన్నా తేలిక.

మీ మధ్య ఉన్న ఒప్పందం ఏమిటి

ఏజెన్సీ అయితే అగ్రిమెంట్ ఉంటుంది. అందులో నాలుగు చూడండి: ఎన్ని రోజుల నోటీసు, ఎంత కాలానికి ఒప్పందం, గడువు అయ్యాక దానంతటదే పొడిగింపయ్యే షరతు ఉందా, వాళ్లు తెచ్చిన కిరాయిదారు ఉన్నంతకాలం కమీషన్ ఇవ్వాలన్న వాక్యం ఎక్కడైనా ఉందా. చివరిది చిన్న అక్షరాల్లో ఉంటుంది, గొడవంతా దాని దగ్గరే వస్తుంది.

నోటి మాట మీద నడిచే ఏర్పాటుకూ చట్టం వర్తిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మీరు యజమాని, అతను ఏజెంటు. సెక్షన్ 206 సహేతుకమైన నోటీసు ఇవ్వమంటుంది. నెలవారీ ఏర్పాటుకు ఒక నెల నోటీసు ఇస్తే సాధారణంగా ఎవరూ తప్పు పట్టలేరు. ఫలానా కాలం దాకా అని ఒప్పుకుని, సరైన కారణం లేకుండా మధ్యలో ఆపేస్తే సెక్షన్ 205 కింద పరిహారం అడగొచ్చు. కారణం ఉంటే దాన్ని తేదీలతో సహా రాసి పెట్టుకోండి.

మన దగ్గర తరచూ కనిపించే ఇంకో చిక్కు ఉంది. పై అంతస్తు కట్టేటప్పుడు మేనేజరే రెండు మూడు లక్షలు పెట్టి, "కిరాయిలోంచి పట్టుకుంటా" అని ఉంటాడు. అలా అతని డబ్బు ఆ ఇంటి ఆదాయంతో ముడిపడి ఉంటే సెక్షన్ 202 వస్తుంది. ఆ హక్కుకు నష్టం కలిగేలా అధికారాన్ని రద్దు చేయలేరు. ముందు ఆ అప్పు తీర్చండి, తర్వాతే మిగతా మాటలు.

నోటీసుకు ముందు చప్పుడు లేకుండా చేయాల్సినవి

ఒరిజినల్ దస్తావేజులు మేనేజర్ దగ్గర ఉంటే మొదట అవి చేతికి రావాలి. మ్యుటేషన్ (రికార్డుల్లో ఓనర్ పేరు మార్పు) కోసమనో బ్యాంకు పని కోసమనో ఎప్పుడో ఇచ్చి మరిచిపోయేవాళ్లు చాలామంది. నోటీసు వెళ్లాక అడిగితే "వెతుకుతున్నా" అంటాడు. ఇంకో సంగతి, జీతమో ఖర్చులో బాకీ ఉంటే అవి తీరేదాకా కాగితాలు తన దగ్గరే ఉంచుకునే హక్కు ఏజెంటుకు సెక్షన్ 221 ఇస్తుంది. అందుకే వివాదం లేని బాకీని ముందే చెల్లించేయండి. ఆ సాకు అక్కడితో పోతుంది.

తర్వాత కిరాయిదారుల జాబితా. ఎవరు ఏ పోర్షన్‌లో, ఎప్పటినుంచి, కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, ఏ తేదీదాకా కట్టారు, ఫోన్ నంబర్లు, అగ్రిమెంట్ కాపీలు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌కు ఇవన్నీ ఎలాగూ కావాలి కాబట్టి అడగడానికి అదే మంచి సందర్భం. లెక్క అడిగినప్పుడు చెప్పడం సెక్షన్ 213 కింద ఏజెంటు బాధ్యత, మీకు చేసే మేలేమీ కాదు.

ఆ తర్వాత కొత్త ఏర్పాటు. మోటార్ ఎవరు వేస్తారు, సంపు నిండిందో లేదో ఎవరు చూస్తారు, రాత్రి పూట ఫ్యూజ్ పోతే ఎవరికి ఫోన్ చేయాలి? దీనికి జవాబు లేకుండా పాత మనిషిని తీసేస్తే వారం తిరగకముందే కిరాయిదారులే అతన్ని మళ్లీ పిలుచుకుంటారు. కొత్త మనిషి దొరకకపోతే కింది పోర్షన్‌లో నమ్మకంగా ఉండేవారికి కిరాయిలో కొంత తగ్గించి ఈ పనులు అప్పగించడం చాలా ఇళ్లల్లో నడుస్తున్న పద్ధతే. డబ్బు మాత్రం నేరుగా మీ ఖాతాకే రావాలి.

సమయం కూడా చూసుకోండి. పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో గదులు ఖాళీ అవుతాయి, జూన్, జూలైలో కొత్త పిల్లలు దిగుతారు. ఆ హడావుడిలో మనిషిని మార్చితే ఎవరు వెళ్లారో, ఎవరు వచ్చారో, ఎవరి అడ్వాన్స్ ఎవరికి చేరిందో తేలదు. నెలలో అయితే పది, పదిహేను తారీఖుల మధ్య మంచిది. అప్పటికి ఆ నెల కిరాయి వసూలై ఉంటుంది, లెక్క అడగొచ్చు. బతుకమ్మ, దసరా దాటనీ అనుకుంటూ పోతే సంక్రాంతి వస్తుంది, ఆ సంగతీ గుర్తుంచుకోండి.

నోటీసు ఎలా ఉండాలి

చుట్టమో తెలిసినవాడో అయితే ముందు ఒక మాట చెప్పడం మర్యాద. "అన్నా, ఈ నెలాఖరుతోటి ఇల్లు నేనే చూసుకుంటా, లెక్క చూసుకుందాం" అంటే చాలు. వాదన పెట్టుకోవద్దు. చెప్పిన రోజే కాగితం కూడా పంపించాలి, మొహమాటానికి ఆపొద్దు.

కాగితం ఇలా ఉండొచ్చు:

"శ్రీ … గారికి,
హనుమకొండ … కాలనీలోని నా ఇల్లు, నంబర్ …, కిరాయి వసూలు, నిర్వహణ మీరు చూస్తున్నారు. ఈ ఏర్పాటును … తేదీతో ముగిస్తున్నాను. ఆ తేదీ తర్వాత నా తరఫున కిరాయి, అడ్వాన్స్ తీసుకోవడానికి, కొత్తవారికి ఇల్లు ఇవ్వడానికి, రిపేర్లు ఒప్పుకోవడానికి, ఏ కాగితం మీదనైనా సంతకం చేయడానికి మీకు అధికారం ఉండదు. మీరు నియమించిన వారికీ ఇదే వర్తిస్తుంది. … తేదీ లోపు పూర్తి లెక్కలు, మీ దగ్గర ఉన్న అడ్వాన్సులు, తాళంచెవులు, అగ్రిమెంట్లు, రసీదులు అప్పగించగలరు. మీకు రావాల్సినది బిల్లులతో చూపిస్తే అదే రోజు చెల్లిస్తాను."

అందులో "దొంగ", "మోసగాడు" లాంటి మాటలు రాయకండి. అవి మీ కోపం తీర్చడానికి తప్ప ఎందుకూ పనికిరావు, పైగా పరువు నష్టం కేసుకు మీరే కాగితం రాసిచ్చినట్టవుతుంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. అదే కాగితం ఫొటో వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో కూడా పంపండి. చాట్‌ను డిలీట్ చేయకుండా ఆ ఫోన్‌ను జాగ్రత్తగా ఉంచుకోవాలి. రేపు కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది, ఉత్త స్క్రీన్‌షాట్‌తో పని జరగదు.

కిరాయిదారులకు చెప్పడం: అసలు పని ఇదే

సెక్షన్ 208 చెప్పేది ఓనర్లందరూ తెలుసుకోవాలి. మీరు అధికారం తీసేసిన సంగతి మేనేజర్‌కు తెలిసినప్పుడు అతని విషయంలో అమలవుతుంది. కిరాయిదారు విషయంలో మాత్రం కిరాయిదారుకు తెలిసినప్పుడే అమలవుతుంది. ఒకటో తేదీన మీరు మేనేజర్‌ను మాన్పించారు, ఐదో తేదీన ఏమీ తెలియని కిరాయిదారు అతనికే తొమ్మిది వేలు ఇచ్చాడనుకోండి. అతను మీకు కిరాయి కట్టినట్టే. "ఆయనకే ఇచ్చినం గదా సార్" అంటే ఆ మాట చెల్లుతుంది. ఆ తొమ్మిది వేల కోసం మీరు మేనేజర్ వెంటే పడాలి.

కాబట్టి మేనేజర్‌కు నోటీసు అందే రోజే ప్రతి పోర్షన్‌కూ కబురు చేరాలి. సమస్యేమిటంటే, తెలియని నంబర్ నుంచి "ఇకపై కిరాయి ఈ ఖాతాలో వేయండి" అని మెసేజ్ వస్తే ఈ రోజుల్లో ఎవరైనా సైబర్ మోసమనే అనుకుంటారు, అనుకోవాలి కూడా. కొందరు మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు. వీలైతే మీరే రండి. రాలేకపోతే తమ్ముడినో స్నేహితుడినో సంతకం చేసిన లేఖతో పంపించి, అక్కడినుంచే వీడియో కాల్‌లో మాట్లాడండి. మీ పేరున్న ఇంటి పన్ను రసీదు చూపించండి. యూపీఐలో ముందు ఒక్క రూపాయి పంపమనండి, మీ పేరు తెరమీద కనబడితే వాళ్లకూ నమ్మకం కుదురుతుంది.

లేఖలో కొత్త ఖాతా వివరాలు, ఏ తేదీ నుంచి అన్నది, రిపేర్లకు ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. కింద వాళ్లు నింపే భాగం పెట్టండి: అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఎప్పుడు, ఎవరికి, కిరాయి ఏ నెలదాకా కట్టారు, రసీదు ఉందా. సంతకం తీసుకుని ఒక కాపీ వాళ్లకే ఇవ్వండి. మేనేజర్ చెప్పిన లెక్కకూ వాళ్లు రాసినదానికీ తేడా వస్తే, మీ ప్రశ్నలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

అడ్వాన్సుల గురించి మొండికేయొద్దు. మీ మేనేజర్‌గా ఉండగా అతను తీసుకున్న అడ్వాన్స్, మీ చేతికి రాకపోయినా, కిరాయిదారు దృష్టిలో మీకిచ్చిందే. వెళ్లేటప్పుడు వాళ్లకు మీరే తిరిగివ్వాలి. మేనేజర్ దగ్గర వసూలు చేసుకోవడం మీకూ అతనికీ మధ్య లెక్క. "నాకు ముట్టలేదు, నాకేం సంబంధం" అని కిరాయిదారుతో గొడవపడితే అతను మేనేజర్ పక్షం చేరతాడు. మీకు కావాల్సిన సాక్షి పోతాడు.

ఉన్న అగ్రిమెంట్లు మేనేజర్ మీ తరఫున సంతకం చేసినవే అయినా రద్దు కావు. గడువు దాకా నడవనివ్వండి. తన సొంత పేరు మీద ఓనర్‌లా సంతకం చేసి ఉంటే మాత్రం మీ పేరుతో కొత్తది రాయించుకోండి.

అప్పగింత రోజు

ఇద్దరు సాక్షుల ముందు, పగటిపూట, ఇంటి దగ్గరే పెట్టుకోండి. తెచ్చినవి ఒక్కొక్కటీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి: గేటు, మోటార్ రూమ్, టెర్రస్, ఖాళీ పోర్షన్ల తాళంచెవులు, కిరాయి అగ్రిమెంట్లు, పన్ను రసీదులు, నల్లా కనెక్షన్ కాగితాలు, బోరు మోటార్ వారంటీ కార్డు, ఇంటి ప్లాన్ కాపీ. ప్రతి మీటర్ రీడింగ్‌నూ ఫొటో తీయండి. మనుషులు ఉంటున్న పోర్షన్ల తాళాల జోలికి పోకుండా, ఉమ్మడి తాళాలన్నీ అదే సాయంత్రం మార్చేయండి. అతని నంబర్ ఉన్న టు-లెట్ బోర్డు పీకేయండి, ఆన్‌లైన్‌లో ఇచ్చిన ప్రకటనలు కూడా తీయించండి.

ఫోన్ నంబర్ల విషయం చాలామందికి తట్టదు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఇంటి పన్ను రికార్డులో, కరెంటు సర్వీస్‌లో, నల్లా బిల్లులో మేనేజర్ నంబరే ఉంటే మెసేజ్‌లు అతనికే పోతుంటాయి. మీ నంబర్ పెట్టించుకోండి.

లెక్క తేల్చడం

ఒక ఉదాహరణ వేసుకుందాం. నాలుగు పోర్షన్లు, ఒక్కోదానికి 9,000, మొత్తం 36,000. అతని కమీషన్ 10 శాతం అంటే 3,600. బిల్లు ఉన్న రిపేర్లు 4,200. మీకు రావాల్సింది 28,200. అతను పంపింది 20,000 అయితే ఆ నెల బాకీ 8,200. ఇక్కడికే ఆగితే అసలు డబ్బు వదిలేసినట్టే, ఎందుకంటే రెండేసి నెలల అడ్వాన్స్ నాలుగు పోర్షన్లకు 72,000 అతని దగ్గరే ఉంది. కలిపితే 80,200. నెలవారీ లెక్క మీద పోట్లాడి అడ్వాన్సులు మరిచిపోవడం చాలా మామూలు.

తనకు రావాల్సినది వసూలు చేసిన డబ్బులోంచి మినహాయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ మిగతాది అప్పగించాలి. తప్పుగా చేసిన పనికి ప్రతిఫలం అడగలేడని సెక్షన్ 220 అంటుంది. అయినా ఒకటి రెండు వేల దగ్గర పట్టుబట్టి నెలలు సాగదీయడం కన్నా, "ఇద్దరి మధ్య ఇక లెక్కలేమీ లేవు" అని రాయించుకుని ముగించడం నయం. అడ్వాన్సులు తేలకముందు మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

అతనో అతను పెట్టిన వాచ్‌మనో ఇంట్లోనే ఉంటే

ఎన్నేళ్లున్నా కేర్‌టేకర్‌కు, వాచ్‌మన్‌కు ఆ ఆస్తి మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2012లో ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. అలాగని సామాన్లు రోడ్డు మీద పడేయకండి. చట్టబద్ధంగా కాకుండా ఖాళీ చేయిస్తే ఆరు నెలల లోపు కోర్టుకు పోయి స్వాధీనం తిరిగి అడిగే వీలుంది. రాతపూర్వకంగా గడువివ్వండి, పోకపోతే సివిల్ కోర్టులో దావా వేయండి. ఈలోపు అతని దగ్గర కిరాయి పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. తీసుకుంటే కిరాయిదారునని వాదిస్తాడు.

జీపీఏ ఇచ్చి ఉంటే

ఇది ఆలస్యం చేయకూడని పని. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ), అంటే మీ తరఫున పనులు చేయడానికి ఇచ్చిన అధికార పత్రంతో ఆస్తి అతని సొంతం కాదు, 2011లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. కానీ అందులో అమ్మే అధికారం రాసి ఉంటే మీ తరఫున సేల్ డీడ్ మీద అతను సంతకం పెట్టగలడు. అది రిజిస్టరైనదైతే అదే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించండి. నోటరీ చేసిందైతే రద్దు పత్రం రాసి, ఒరిజినల్ వెనక్కి తీసుకోండి. రెండు సందర్భాల్లోనూ అతనికి, బ్యాంకుకు తెలియజేసి, తెలుగు పత్రికలో ప్రకటన ఇవ్వండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి ఈమధ్య లావాదేవీలేమైనా జరిగాయేమో చూడండి. విదేశాల్లో ఉన్నవారు అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పత్రం పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు చేయించాలి.

ఎన్నారైలకు ఇంకో మాట. కిరాయి నేరుగా మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్నారైలు తెరిచే బ్యాంకు ఖాతా) వస్తే కిరాయిదారు 30 శాతం, దాని మీద సెస్సు టీడీఎస్‌గా (కిరాయిలోంచి ముందే మినహాయించే పన్ను) పట్టి కట్టాల్సి ఉంటుంది. ఇన్నాళ్లూ మేనేజర్ చేతుల మీదుగా నగదులో నడిచిన ఇళ్లలో ఈ విషయం ఎవరూ ఎత్తి ఉండరు. కొత్త ఖాతా ఇచ్చే ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

లెక్క ఇవ్వకపోతే

లాయర్ నోటీసు పంపండి. ఏజెంటు దగ్గర ఉండిపోయిన డబ్బు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు. లెక్క అడిగి అతను నిరాకరించిన రోజు నుంచి అది మొదలవుతుంది, అలా అడగడం జరగకపోతే ఏజెన్సీ ముగిసిన రోజు నుంచి. మీరు పంపిన నోటీసు తేదీ అందుకే ముఖ్యం. డబ్బు వాడేసుకున్నాడని ఆధారాలుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316, నమ్మకద్రోహం కింద ఫిర్యాదు చేయొచ్చు. స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేసే అవకాశమే ఎక్కువ, అందుకని కిరాయిదారుల సంతకాలున్న అడ్వాన్స్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.

కాలనీ పెద్దమనుషుల దగ్గర కూర్చోవడం కూడా తప్పు కాదు, అక్కడ తేలింది కాగితం మీదికి ఎక్కితే చాలు. అంతకన్నా గట్టి దారి కావాలంటే హనుమకొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకుంటారు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని అక్కడ అవార్డు రాయించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వాయిదాల మీద కట్టేలా ఒప్పుకుంటే ఏ తేదీన ఎంత కట్టాలో, ఒక్కటి తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతూ అవార్డులోనే రాయించండి.